తూనీగకు జలుబు చేయాలి

దేశమంతా చెవి కోసుకునే గొంతు ఆవిడది. ఇంట్లో మాత్రం మూడోసారి పిలిస్తే గానీ ఒక్కరూ పలకరు.

టీవీలో వచ్చే ఆ విమానాల సీరియల్ గురించి చెప్తున్నాను. అందులో తూనీగ అని ఒక యుద్ధవిమానం ఉంటుంది. మిగతా విమానాల్లా రివ్వున దూసుకుపోవడం దాని పని కాదు. పొట్ట కింద నాలుగు పంకాలు తిప్పుకుంటూ గాల్లో ఉన్నచోటే నిలబడుతుంది. వరద మీదైనా, కాలిపోతున్న మేడ పక్కనైనా, శత్రువు ముక్కు ముందైనా సరే, అంగుళం కదలకుండా నిలబడి పోరాడుతుంది. పైగా మాట్లాడుతుంది. "ఎత్తు... ఇరవై అడుగులు... ఎడమకి తిరుగు... పైలట్." మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగి, ముక్కుతో, ఏ భావమూ లేకుండా. ఆ గొంతు ఈవిడది. వీధిలో ఈవిణ్ణి తూనీగమ్మ అంటారు, మనమూ అలాగే అందాం.

అంటారు కదా అని నమ్మి అంటారనుకునేరు! సగంమందిది వెటకారం. ఎందుకంటే సీరియల్ చివర పేర్లు వేసేటప్పుడు ఈవిడ పేరు వెయ్యరు. "తూనీగగా: తూనీగ" అని వేస్తారు. విమానమే నిజంగా మాట్లాడుతోందని జనం అనుకోవాలట. ఆ తెలివి ఎవడిదో గానీ వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

అసలు సంగతి వింటే మీకే ఒళ్ళు మండుతుంది. ఆ సీరియల్ ఆరేళ్ళుగా నడుస్తోంది. ఈవిడ దానికి పనిచేసింది మొత్తం కలిపి రెండే రోజులు, అదీ మొదట్లో. ఆ రెండు రోజులూ ఆవిడకి ఎంత జలుబంటే, ముక్కు రెండువైపులా బిగుసుకుపోయి 'మ' అనబోతే 'బ' వచ్చేది. పని వాయిదా వెయ్యమంటే కుదరదన్నారు. గాజుగదిలో కూర్చోబెట్టి అంకెలు, దిక్కులు, హెచ్చరికలు, అవునులు, కాదులు, ఇలా వందల మాటలు విడివిడిగా చెప్పించి రికార్డు చేసుకున్నారు. స్టూడియోలో దాన్ని మాటల డబ్బా అంటారు. ఆ తర్వాత ఏ వారం తూనీగ ఏం మాట్లాడాలన్నా సౌండాయన ఆ డబ్బాలోంచి మాటలు ఏరుకుని, కత్తిరించి, పక్కపక్కన అతికించేవాడు. మధ్యలో ఆ ఆగడం ఉంది చూశారూ, దాని మీద పత్రికలవాళ్ళు వ్యాసాలు రాశారు. యంత్రం ఆలోచిస్తోందట, ఎంత లోతో! ఆలోచనా లేదు, పాడూ లేదు. అది అతుకు.

డబ్బాలో లేని మాట తూనీగ నోట రాదు. పైలట్ ముద్దుపేరు మిణుగురు. సీరియల్లో వాళ్ళమ్మ దగ్గర్నుంచి శత్రువుల దాకా వాణ్ణి అందరూ మిణుగురు అనే పిలుస్తారు. రికార్డు చేసిన రోజుకి రచయితకి ఆ పేరు ఇంకా తట్టలేదు, అంచేత తూనీగ ఒక్కటే వాణ్ణి పైలట్ అంటుంది. జనం దానికీ అర్థం చెప్పుకున్నారు. తూనీగకి అభిమానం ఎక్కువట, మనసులో ఎంతున్నా పైకి అనదట, ఎప్పటికైనా ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తుందట. రచయితకి ఇదేదో బాగానే ఉందనిపించి కథని అటే నడిపించాడు.

తూనీగమ్మ వీటన్నిటికీ అలవాటుపడిపోయింది. వేరే పనులున్నాయి, సబ్బుల ప్రకటనలున్నాయి, పిల్లల బొమ్మల సినిమాల్లో కుందేళ్ళున్నాయి. ఆవిడ అలవాటుపడలేనిది ఒక్కటే, కూతురు.

కూతురికి పదేళ్ళు. బళ్ళో ఎవరితోనో "తూనీగ మా అమ్మే" అని గొప్పలు పోయింది. స్నేహితురాళ్ళు నలుగురూ ఇంటికొచ్చి పడ్డారు. "ఏదీ, చెప్పండాంటీ!" తూనీగమ్మ గొంతు సవరించుకుని, "ఎత్తు స్థిరం" అంది. జలుబు లేని గొంతు, గాజుగ్లాసు మీద చెంచా పెట్టి కొట్టినట్టు ఖంగుమంది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గేటు దాటారో లేదో కిసకిస నవ్వులు. ఆ సాయంత్రం కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, "అది నువ్వు కాదులే అమ్మా. ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పకు" అంది. కోపంగా అని ఉంటే ఈవిడా నాలుగు తిట్టి ఊరుకునేది. ఆ పిల్ల జాలిగా అంది. కన్నకూతురు తన్ని చూసి జాలిపడుతోంటే కూర గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

సరే, ఇలా ఉండగా స్టూడియోనుంచి ఫోనొచ్చింది. సీరియల్ అయిపోతోంది, ఆఖరి భాగంలో తూనీగ పైలట్‌ని పేరు పెట్టి పిలుస్తుంది, మీరొకసారి రావాలి మేడమ్ అని. తూనీగమ్మ నేల మీద నిలవలేదు. బీరువాలో దాచుకున్న చీర తీసింది. కూతురి జడ వేస్తూ ఉండబట్టలేక చెప్పేసింది.

"ఆఖరి భాగం చూడవే. కొత్తగా చెప్తున్నాను. అప్పుడు చెప్పు, నేనవునో కాదో."

"సరేలే అమ్మా," అంది పిల్ల అద్దంలోకి చూస్తూ. ఆ "సరేలే" ఉందే, అదే ఈవిడ గుండెల్లో ముల్లులా దిగింది. ఈసారి దాన్ని పీకి పారెయ్యాల్సిందే అనుకుంది.

స్టూడియోలో డైరెక్టర్ కొత్తవాడు, కుర్రతనం వదలని మనిషి. చేతికి కాగితం ఇచ్చి సన్నివేశం చెప్పాడు. ఆఖరి యుద్ధంలో తూనీగ పంకాలు రెండు విరిగిపోతాయి. లోపల మనిషుంటే ఆ బరువు మొయ్యలేదు. పైలట్‌ని మేడ మీదకి దింపేసి, కింద జనం తప్పుకునేదాకా తనొక్కతే గాల్లో నిలబడాలి. తర్వాత కూలిపోతుంది. పైలట్ దిగనని మొండికేస్తాడు. అప్పుడు తూనీగ అంటుంది, "మిణుగురూ. దిగు. భయం లేదు. ఎత్తు స్థిరం."

చదవగానే తూనీగమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎలా చెప్పాలో కూడా అప్పుడే తెలిసిపోయింది. మొదటిరోజు బడి గేటు దగ్గర, పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంటూ పిలుస్తామే, అలా.

"మొత్తం ఒకేసారి చెప్పెయ్యనా, విడివిడిగా చెప్పనా?" అని అడిగింది.

"మొత్తం ఎందుకు మేడమ్?" అన్నాడు డైరెక్టర్. "దిగు ఉంది, భయం లేదు ఉంది, ఎత్తు స్థిరం ఉంది. అన్నీ డబ్బాలో ఉన్నవే. మిణుగురు ఒక్కటీ చెప్పేస్తే చాలు."

ఒక్క మాట! చీర కట్టుకుని, రెండు బస్సులు మారి, ఒక్క మాట కోసం వచ్చిందీవిడ. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కూతురి మొహం గుర్తొచ్చి దిగమింగుకుంది. ఒక్కటైతే ఒక్కటి, ప్రాణం పెట్టి చెప్దాం అనుకుని గాజుగదిలోకి వెళ్ళి, "మిణుగురూ" అంది. ఎంత ముద్దుగా అందంటే, బయట టీ గ్లాసులు పెడుతున్నామె చెయ్యి ఆగిపోయింది.

సౌండాయన ఆ మాటని పాత మాటల ముందు అతికించి వినిపించాడు. అందరూ తలలు దించుకున్నారు. మిణుగురూ అని ఒకావిడ పిలుస్తోంది, దిగు అని ఇంకొకావిడ ఆజ్ఞాపిస్తోంది. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు.

"జలుబు లేదు మేడమ్," అన్నాడు సౌండాయన నీళ్ళు నములుతూ. "పైగా ఈ మాటలో 'మ' ఉంది, 'ణ' ఉంది. రెండూ ముక్కువే."

ముక్కు పట్టుకుని చెప్పించారు, బాతు అరిచినట్టు వచ్చింది. ముక్కులో దూది పెట్టించారు, తుమ్ములొచ్చాయి గానీ ఆ గొంతు రాలేదు. కంప్యూటర్‌లో ఏవేవో మీటలు నొక్కారు, బాతు కాస్తా రేకుడబ్బాలోకి దూరింది. చివరికి డైరెక్టర్ తల గోక్కుంటూ, "మేడమ్, ఈ వారంలో మీరు జలుబు తెచ్చుకోగలరా?" అన్నాడు.

"తెచ్చుకోడానికి అదేమన్నా కొట్లో అమ్ముతారుటయ్యా?"

"లేకపోతే ఒక మిమిక్రీ అమ్మాయి ఉంది. మీ గొంతు అచ్చంగా దింపేస్తుంది. మీకు శ్రమెందుకని..."

ఆ మాటతో తూనీగమ్మ గుండెల్లో రాయి పడింది. "వద్దు," అంది. "తెస్తాను. జలుబుతోనే వస్తాను."

చెప్పడం తేలికే. ఆ రెండు రోజుల తర్వాత ఈ ఆరేళ్ళలో ఆవిడకి మళ్ళీ జలుబన్నమాట లేదు. మనిషి గుండ్రాయి. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది. తలమీద చన్నీళ్ళు గుమ్మరించుకుని తడిజుట్టుతో ఫ్యాను కింద కూర్చుంది. ఐస్‌క్రీమ్ డబ్బా ఒడిలో పెట్టుకుని చెంచాతో తవ్వింది. వానలో గొడుగు లేకుండా కూరగాయలకెళ్ళి, గొడుగున్నవాళ్ళ చేత చీవాట్లు తింది. ముక్కు మాత్రం రాచబాటలా ఉంది. గాలి రయ్యిమని పోతోంది, వస్తోంది.

"ఊరికే నీళ్ళు పోసుకుంటే రాదే," అంది అత్తగారు. "జలుబున్నవాళ్ళ దగ్గరికెళ్ళి పలకరించు. పై వాటాలో ఆయన మూడు రోజుల్నుంచి ఇల్లెగిరిపోయేలా తుమ్ముతున్నాడు."

వెళ్ళింది. పై వాటాలో బ్యాంకు గుమాస్తా, పాపం దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఈవిడ కుర్చీ ఆయన మోకాళ్ళ దాకా లాక్కుని కూర్చుంది. ఆయన మర్యాదకి మొహం అటు తిప్పుకుని తుమ్మబోతే, "ఇటు తుమ్మండన్నయ్యా, మొహమాటపడకండి" అంది. ఆయన బిత్తరపోయి, వచ్చే తుమ్మునీ మింగేశాడు.

మర్నాటికి అత్తగారికి జలుబు పట్టుకుంది. ఆ మర్నాడు మొగుడికి. ఇద్దరూ చెరో మంచం మీదా చేరి చీదుతూ ఉంటే, ఈవిడ ఇద్దరికీ ఆవిరి పట్టిస్తూ, మందులందిస్తూ, వాళ్ళ తువ్వాళ్ళతోనే మొహం తుడుచుకుంటూ తిరిగింది. అబ్బే, చీమ కుట్టినట్టైనా లేదు.

"ఏమోయ్, కావాలంటే నా బుక్కు తీసుకెళ్ళు," అన్నాడు మొగుడు, జలుబుకి ముక్కు కాస్తా బుక్కై. ఆయనకది హాస్యం. ఈవిడ ఆవిరి గిన్నె అక్కడే పడేసి, "మీకు రావాల్సినవన్నీ అడక్కుండానే వస్తాయి. నాకు రావాల్సింది జలుబు కూడా రాదు" అని వంటింట్లోకెళ్ళిపోయింది.

కూతురు ఇదంతా చూస్తూనే ఉంది. వెనకాలే వచ్చి, తడిజుట్టు మీద తువ్వాలు కప్పి, "ఎందుకమ్మా నీకివన్నీ? ఆ గొంతున్నవాళ్ళెవరో ఉన్నారుగా, వాళ్ళే చెప్పుకుంటార్లే" అంది. పిల్ల ఓదార్పుకే అంది. తూనీగమ్మకి మాత్రం దానికంటే చెంపదెబ్బ నయమనిపించింది.

వారం తిరిగేసరికి ఆవిడ ఏ జలుబూ లేకుండా, నిగనిగలాడుతూ స్టూడియోకెళ్ళింది. వరండాలో మిమిక్రీ అమ్మాయి కూర్చునుంది. ఈవిణ్ణి చూడగానే లేచి నిలబడి, "అక్కా, మీరంటే నాకు ప్రాణం. మీ గొంతు వినే నేనీ పనిలోకొచ్చాను" అంటూ, మధ్యలో ఉన్నట్టుండి, "ఎత్తు... స్థిరం..." అని తూనీగ గొంతులో అంది. అచ్చు గుద్దినట్టుంది. ఆ పిల్లకి ఏ జలుబూ లేదు, ముక్కు లోపల ఏదో బిగించుకుని అనేసిందంతే. తిట్టడానికి కూడా వీల్లేకుండా ఎంత మర్యాదగా ఉందో! తూనీగమ్మ, "బాగుందమ్మా" అని లోపలికెళ్ళిపోయింది. తన గొంతు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే తను లోపలికెళ్ళడం ఏమిటో ఆవిడకే అర్థం కాలేదు.

గాజుగదిలో దీపం వెలిగింది.

"మిణుగురూ."

"ప్రేమ ఎక్కువైంది మేడమ్. అది యంత్రం కదా."

"మిణుగురూ."

"ఇప్పుడు మరీ యంత్రంలా ఉంది. లోపల ప్రేముండాలి. పైకి కనిపించకూడదు."

"మిణుగురూ."

"తల్లిలా మేడమ్. కానీ తల్లి అని తెలియకూడదు. ముక్కు, ముక్కు మర్చిపోతున్నారు!"

అలా ఎన్నిసార్లో లెక్కలేదు. ఆ మాటకి అర్థమే పోయింది. నోట్లో నానిపోయి, పిప్పైపోయి, ఏదో తెలియని భాషలో మాటలా అయిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు, చెవులకున్న హెడ్‌ఫోన్లలో, బయట మైకు కట్టెయ్యడం మర్చిపోయిన డైరెక్టర్ గొంతు వినపడింది.

"పోనీండి, పాపం పెద్దావిడ. ఇంకో నాలుగుసార్లు చెప్పించి పంపేద్దాం. ఆ అమ్మాయిది నిన్ననే ఓకే చేసేశాం కదా."

నిన్ననే! అంటే ఈ పూటంతా ఈవిడ చేత చెప్పించింది మర్యాద కోసం. జాలి! ఇక్కడా జాలే! తూనీగమ్మకి ఇంక ఏడుపు ఆగలేదు. పళ్ళబిగువున ఆపుకుందామనుకుంటే కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు కట్టింది. మాట్లాడబోతే వెక్కిళ్ళు. కళ్ళు తుడుచుకోకుండానే నోరు తెరిచింది, అంతే, కట్ట తెగింది.

"ఆరేళ్ళయ్యా! ఆరేళ్ళు నా జలుబు పెట్టుకుని బతికారు కదయ్యా! ఒక్కరోజు పిలిచారా, ఒక్క మాట అడిగారా? నా పేరు వేశారా? నా గొంతు ముక్కలు ముక్కలు చేసుకుని, వండుకుని తిన్నారు. ఇప్పుడు ముక్కు బాగుంటే నేను పనికిరానా? తల్లిలా చెప్పాలట, తల్లని తెలియకూడదట! ఇంకెలా చెప్పమంటారు? ఇలాగా?" ఒగరుస్తూ, మైకు పుచ్చుకుని, గది అదిరేలా అరిచింది. "మిణుగురూ! చాలా? మిణుగురూ! కడుపు నిండిందా?"

హెడ్‌ఫోన్లు బల్ల మీద విసిరేసి బయటికొచ్చేసింది. ఎవరూ ఆపలేదు. గాజు అవతల సౌండాయన చెయ్యి గాల్లో ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. భయపడ్డాడనుకుంది. భయపడాల్సిందే అనుకుని, చెప్పులేసుకుని బస్టాపుకి నడిచింది. తీరా బస్సెక్కాక సిగ్గేసింది, ఆ మిమిక్రీ పిల్ల ముందు ఆ ఏడుపేమిటని.

ఇంట్లో, "అయిపోయింది" అంది. ఏమైపోయిందో ఎవరూ అడగలేదు. జడ వేసేటప్పుడు కూతురితో సీరియల్ మాటెత్తలేదు. ఆ పిల్లా ఎత్తలేదు. ఇద్దరికిద్దరూ దాన్ని తప్పించుకుంటూ వేరే కబుర్లేవో చెప్పుకున్నారు.

ఆఖరి భాగం వచ్చే సాయంత్రం ఆవిడ చూడనే చూడనంది. అత్తగారు వింటేగా? పక్కింటివాళ్ళని, పై వాటా గుమాస్తాని, వాళ్ళావిణ్ణి ముందే పిలిచేసింది. "మా కోడలి ఆఖరి భాగం" అని ఊరంతా చాటింది కూడానూ. గదిలో కాలు పెట్టే సందు లేదు. తూనీగమ్మ వెనకాల గోడకానుకుని, ఆ పరాయి అమ్మాయి గొంతు తన పేరు మీద వినడానికి పళ్ళు బిగించుకుని నిలబడింది. కూతురు ముందు వరసలో చాప మీద, వెనక్కి తిరిగి చూడకుండా కూర్చుంది.

తెరమీద తూనీగ పొగలో తూలుతోంది. రెండు పంకాలు విరిగి వేలాడుతున్నాయి. పైలట్ దిగనంటున్నాడు. "నిన్నొదిలి పోను," అంటూ సీటు పట్టుకుని వేలాడుతున్నాడు. కింద జనం పరుగులు. ఒక్క క్షణం అన్ని శబ్దాలూ ఆగిపోయాయి.

"మిణుగురూ!"

పైలట్ ఉలిక్కిపడ్డాడు. గదిలో గుమాస్తా కూడా ఉలిక్కిపడ్డాడు. పగిలిపోయిన గొంతు, ముక్కు మూసుకుపోయి, ఊపిరందక, ఎక్కడో కడుపులోంచి వచ్చిన కేక. దాని వెనకే, ఏమీ జరగనట్టు, ఆ పాత గొంతు. "దిగు... భయం లేదు... ఎత్తు స్థిరం."

అతుకు ఎక్కడా తెలియలేదు.

పైలట్ ఏడుస్తూ దిగాడు. గదిలో అందరూ ఏడ్చారు. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కింటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు వెనక్కి తిరిగి, "ఎంత ప్రేమగా పిలిచావే తల్లీ! రాతిగుండైనా కరగాలి" అంది.

తూనీగమ్మకి ఒళ్ళంతా భగ్గుమంది. ప్రేమా? ప్రేమగా చెప్పింది వందసార్లు చెప్పింది, అదంతా చెత్తబుట్టలో పడేశారు. పడీపడీ తిట్టిన తిట్టుని, అడగనైనా అడక్కుండా, కత్తిరించి డబ్బాలో వేసుకున్నారు! ఇప్పుడు దేశమంతా దాన్ని పట్టుకుని ముక్కులు చీదుతోంది. ఎవరితో చెప్పుకోవాలి? ఫోన్ చేసి అరవాలనుంది. టీవీ కట్టెయ్యాలనుంది. అంతమంది ఏడుస్తోంటే, "అయ్యా, నేను ప్రేమతో పిలవలేదు" అని చెప్పడానికి కూడా వీల్లేక, గోడకి అలాగే అతుక్కుపోయింది.

కూతురు ఒక్కతే ఏడవలేదు. తెరమీద తూనీగ ఇంకా నిలబడే ఉంది, పిల్ల మాత్రం తెర వదిలేసి మెల్లిగా వెనక్కి తిరిగింది. జనం కాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ గోడ దాకా వచ్చింది. తల్లి మొహంలోకి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"అమ్మా," అంది గుసగుసగా, "ఎవర్ని తిడుతున్నావు నువ్వందులో?"

తూనీగమ్మ గోడ వదిలి పిల్ల చెవి దగ్గరికి వంగింది.

"అందర్నీనే," అంది.